కోడి తల ఎటు చూసింది

నాన్న పోయాక వచ్చిన మొదటి సంవత్సరాంతపు విందులో నాలుగు మాటలు మాట్లాడమని నా తమ్ముడు బున్‌హో నన్ను అడిగాడు. ఒక ఆదివారం కమలాపళ్ళ సంచీ పట్టుకుని మా ఇంటికి వచ్చి మరీ అడిగాడు.

"నువ్వైతే వింటారక్కా. నేను మైకు పట్టుకుంటే లెక్కలు చెబుతాననుకుంటారు."

ఆ మాట నిజమే. మా గొడుగుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళ పిల్లలు చాలామంది మూడో తరగతి నా దగ్గరే చదివారు. నా మాట అంటే వాళ్ళకు బడి గంట లాంటిది. మోగిందంటే నిజంగా వేళయిందనే.

ఏం మాట్లాడాలో నేను ముందే అనుకుని ఉంచాను. నాన్న గురించి కొంచెం, వాళ్ళ కష్టం గురించి కొంచెం. తమ్ముడు అంతా విని, కమలాపండు తొక్క తీస్తూ, "ఇంకొక్క ముక్క చేర్చు. కోడి సంగతి," అన్నాడు.

మా తైవాన్‌లో వ్యాపారం చేసేవాళ్ళు పన్నెండో నెల పదహారో రోజున నేలను కాచే ముసలి దేవుడికి కోడిని నైవేద్యం పెట్టి, ఆ సాయంత్రం పనివాళ్ళందరికీ భోజనం పెడతారు. బల్ల మీదికి వచ్చే కోడికి తల ఉంటుంది. ఆ తల ఎవరివైపు తిరిగి ఉంటే వాళ్ళు కొత్త ఏడాది పనిలోకి రానక్కర్లేదని అర్థం. నోటితో చెప్పడానికి మొహం చెల్లని తౌకేల కోసం, అంటే యజమానుల కోసం, పాతకాలంలో ఎవరో కనిపెట్టిన మర్యాద అది. ఇప్పుడు అలా ఎవరూ పని మాన్పించరు. అయినా కోడి వచ్చినప్పుడు బల్ల చుట్టూ మాటలు ఆగిపోతాయి.

మా నాన్న ఏటా ఆ పళ్ళేన్ని తన చేత్తోనే తిప్పేవాడు. కోడి ముక్కు సరిగ్గా తన గుండెకు ఎదురుగా వచ్చేదాకా తిప్పి, "ఎవరైనా పోవాలంటే ముందు నేనే పోతాను," అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆ నవ్వు తర్వాతే తినడం మొదలయ్యేది. ఈ ఏడాది శరదృతువులో, కొత్త గుడ్డల తానులు దింపిస్తూ, లారీ పక్కన కూర్చుని, నాన్న అన్న మాట నిలబెట్టుకున్నాడు.

"నాన్న లేడు కదా," అన్నాడు తమ్ముడు. "తల ఎవరివైపు తిరిగినా బాధే. నావైపు తిప్పుకుంటే నాన్నలా నటిస్తున్నానంటారు. అందుకే ఈసారి తలే వద్దని వంట కిమ్‌సాయ్‌కి చెప్పేశాను. 'ఈసారి కోడికి తల పెట్టలేదు' అని నువ్వు ఒక మాట అను."

"'పెట్టలేదు' అంటే దాచినట్టు ఉంటుందిరా," అన్నాను. "ఇలా అందాం. 'మా నాన్న ముంగిట్లో కోడి తల ఎవరివైపూ చూడదు.'"

తమ్ముడు తొనలు విడదీసి సగం నా చేతిలో పెట్టాడు.

"చూశావా, అందుకే నిన్ను అడిగింది."

నాకు సంతోషమేసింది. నాన్న పోయాక నన్ను ఎవరైనా మెచ్చుకున్నది అదే మొదటిసారి.

* * *

విందు రోజు పొద్దున ఫ్యాక్టరీ వాకిట్లో దేవుడికి పూజ చేశాం. మధ్యలో కోడి. తలెత్తి, కళ్ళు మూసుకుని, ముక్కు ముందుకు చాచి కూర్చుంది. దేవుడికి పెట్టే కోడికి తల ఉండాల్సిందే, మొదలూ చివరా ఉన్నదే నైవేద్యం. అగరొత్తులు గుచ్చి వెనక్కి తిరిగేసరికి కిమ్‌సాయ్ దాన్ని కాళ్ళు పట్టుకుని తీసుకుపోయాడు.

"టీచరమ్మా, నలభై ఏళ్ళుగా విందులు వండుతున్నాను. దేవుడికి తలతో, మనుషులకు తల లేకుండా పెట్టమన్న తౌకేని ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు.

"మా ఇంట్లో చావు జరిగింది కదా మేస్త్రీ."

"చావు మీ ఇంట్లో కదా, కోడింట్లో కాదుగా," అని నవ్వి, తప్పుగా అన్నానేమోనని నాన్న పోయిన గుర్తుగా నా జడలో పెట్టుకున్న తెల్ల ఉన్నిపువ్వు వైపు చూసి, నవ్వు ఆపేశాడు.

సాయంత్రం వెలుగు ఉండగానే జనం వచ్చారు. ముంగిట్లో నీలం ఎరుపు చారల గుడారం, గులాబీరంగు ప్లాస్టిక్ పరిచిన గుండ్రటి బల్లలు, గోడవారన గుప్పుగుప్పుమంటున్న గ్యాసు పొయ్యిలు. మా బల్ల మీద మాత్రం తెల్లగుడ్డ వేశారు. ఆఫీసు కిటికీలోంచి నాన్న ఫోటో కనిపించేలా తమ్ముడు తలుపు తీసి పెట్టించాడు.

ప్రతిసారీ ఉండే సందడే ఇప్పుడూ ఉంది. కానీ కిందటేడాది మా సందులో రెండు ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. షట్టర్ల మీద తాళాలు తుప్పు పట్టాయి. ఆ తౌకేలు హాంకాంగ్ మీదుగా అవతలి ఒడ్డుకు, అంటే చైనాకు, వెళ్ళారని, అక్కడ కూలీ ఇక్కడి టీ ఖర్చుకు కూడా సరిపోదని, అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనరు. అందుకే ఈసారి వచ్చినవాళ్ళంతా ముందు పొయ్యిల వైపు చూశారు, ఆ తర్వాత కూర్చున్నారు.

బీహువా అక్క తిన్నగా నా దగ్గరికి వచ్చింది. మా ఫ్యాక్టరీ మా ఇంటి ముందుగదిలో ఉన్న రోజుల్లో, పదహారేళ్ళప్పుడు, సముద్రం పక్క పల్లె నుంచి పనికి వచ్చింది. అప్పుడు మంచం కింద గొడుగు ఊచలు, మంచం మీద మేము. నేను ఊచల కట్టల మీద పలక పెట్టుకుని రాసుకునేదాన్ని. గుడ్డ మూలల్ని ఊచ చివరికి కుట్టడం నాకు నేర్పింది తనే. ఇప్పుడు కుట్టు విభాగం అంతా ఆవిడ చేతిలోనే ఉంది. నన్ను నువ్వనే చనువు పనివాళ్ళలో ఆవిడకొక్కదానికే ఉంది.

"సన్నబడ్డావు," అంది నన్ను చూసి. "ఏడుస్తున్నావా, తినడం లేదా?"

"రెండూ కొంచెం కొంచెం."

"రెండోది ఇవాళ తీరుద్దాం." నా పక్కకు వంగి గొంతు తగ్గించింది. "ఇదిగో, ఒక మాట. సైకిల్ సీట్లు కుట్టే ఫ్యాక్టరీ ఉందే, కాలవ అవతల, వాళ్ళు నన్ను రమ్మంటున్నారు. కుట్టు చూసుకోవడానికి. వస్తానో రానో రేపు పొద్దున్నకల్లా చెప్పాలి, లేకపోతే ఇంకెవరో ఉన్నారట."

"వెళతావా?"

"యాభై దాటినదాన్ని పిలిచేవాళ్ళు మళ్ళీ దొరకరు. మా ఆయన వెన్ను సంగతి నీకు తెలుసు, లేచి కూర్చోడానికే మనిషి కావాలి. ఇంట్లో నడిచేది నా చెయ్యొక్కటే." ఆవిడ నాన్న ఫోటో వైపు చూసింది. "కానీ ఇక్కడే మొదలుపెట్టాను. ఇక్కడ నాకు పని ఉన్నంతవరకు వెళ్ళబుద్ధి కాదు. చూద్దాం. ఇవాళ కోడిని చూసి చెబుతాను."

"కోడినా?"

"మరి మీ తమ్ముడు నోరు తెరిచి చెప్పే రకమా? చిన్నప్పుడు చెడ్డీ తడిస్తే కూడా చెప్పేవాడు కాదు," అని నవ్వుతూ తన బల్లకు వెళ్ళిపోయింది.

ఆ నవ్వు చూసి నాకు మనసు తేలికపడింది. నేను చెప్పబోయే మాట ఆవిడకు పనికొస్తుందనుకున్నాను.

* * *

నేను బడి భాషలో కాకుండా ఇంటి భాషలో మాట్లాడాను. మా భాషలో గొడుగు అన్నా, చెదిరిపోవడం అన్నా ఒకటే పలుకు. అందుకే మా దగ్గర ఎవరూ ఎవరికీ గొడుగు బహుమతిగా ఇవ్వరు. నాన్న దాని మీద ఒక పరాచికం ఆడేవాడు, అదే చెప్పాను. "మనం చెదిరిపోవడాన్ని పెట్టెల్లో కట్టి జర్మనీకి పంపేస్తున్నాం. వాళ్ళకు మన భాష రాదు, ఏమీ కాదు. మనం మాత్రం ఇక్కడ కలిసి ఉంటాం." చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత నేను దిద్దిన వాక్యం పలికాను. మాటల మధ్య ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, బడిలో పద్యం చెప్పినట్టు పలికాను.

"మా నాన్న ముంగిట్లో కోడి తల ఎవరివైపూ చూడదు."

సరిగ్గా అప్పుడే, ముందే చెప్పి పెట్టినట్టు, కోళ్ళు వచ్చాయి. బంగారు రంగులో వేగి, ముక్కలు కోసి, మళ్ళీ కోడి ఆకారంలో పేర్చి ఉన్నాయి. మెడ దగ్గర ఉల్లికాడల కట్ట తప్ప ఏమీ లేదు.

పెట్టెలు కట్టే అకోక్ లేచి నిలబడి, పళ్ళెం చుట్టూ తిరిగి, వంగి చూసి, "వెతికాను, నిజంగానే లేదు!" అని అరిచాడు. గుడారం కింద నవ్వు పేలింది. బీరు సీసాల మూతలు ఎగిరాయి.

"పెద్ద తౌకే ఏటా తనవైపు తిప్పుకుని చివరికి కోడి మాట నిజం చేశాడు," అన్నాడెవరో.

"నోర్ముయ్, టీచరమ్మ వింటోంది."

"చిన్న తౌకే తెలివైనవాడు, తల కోసి దాచుకున్నాడు. ఇంట్లో పెళ్ళాం వైపు తిప్పుకుంటాడేమో!"

తమ్ముడు గ్లాసెత్తి అందరికీ చూపించి తాగాడు. అతని మెడ ఎర్రబడింది. మద్యం వల్లేననుకున్నాను.

తర్వాత సూప్ వచ్చింది. మా బల్ల దగ్గర లారీల త్సాయ్ నా పక్కన కూర్చున్నాడు. ఫ్యాక్టరీ సరుకంతా రేవుకు చేరవేసేది ఆయనే. నాన్నకు పాత స్నేహితుడు. సూప్ నాకు వడ్డిస్తూ, మెల్లగా, ఓదార్పుగా అన్నాడు.

"బాధపడకమ్మా సూలాన్. మెషీన్లు ఎక్కడున్నా మీ నాన్నవే. నేనే దగ్గరుండి ఎక్కిస్తాను. ఒక్క గీత పడనివ్వను."

"ఏ మెషీన్లు మామా?"

"అదే, కొత్త ఏడాది పండగ అయ్యాక రెండు కంటైనర్లు. హాంకాంగ్ మీదుగా." గిన్నె నా ముందు పెట్టి నా మొహం చూశాడు. ఆయన చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. "నీకు... బున్‌హో చెప్పలేదా?"

త్సాయ్ మామ తల దించుకుని తన సూప్ తాగడం మొదలుపెట్టాడు. చాలా వేడిగా ఉన్న సూప్‌ను ఊదకుండా తాగాడు.

నాకు అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి. తల ఎందుకు వద్దన్నాడో, ఆ వాక్యం ఎందుకు నాతో అనిపించాడో. "పెట్టలేదు" అన్న మాటే నిజానికి దగ్గరగా ఉంది. నేనే దాన్ని దిద్దాను.

అప్పుడే లేవాలి. లేవలేదు. చేప వచ్చింది. ఆవిరి మీద ఉడికించిన చేప, పైన సన్నగా తరిగిన అల్లం. ఎవరో నా పళ్ళెంలో ముక్క వేశారు. నేను ముళ్ళు తీసి తిన్నాను. నాలుగు బల్లల అవతల బీహువా అక్క ఎవరి వీపో చరుస్తూ నవ్వుతోంది. ఈ నవ్వులు నా మాట వల్ల వచ్చాయి కదా, ఇంకొంచెంసేపు ఉండనిద్దాం అనుకున్నాను. నేను అలా అనుకున్నాను.

తామరాకులో చుట్టిన జిగురన్నం వచ్చినప్పుడు లేచి, తమ్ముడి భుజం తట్టి, అట్టపెట్టెలు పేర్చిన గోడ వెనక్కి పిలిచాను.

"త్సాయ్ మామ చెప్పాడు."

తమ్ముడు తడబడలేదు. పెట్టె మీద కూర్చున్నాడు. చాలా అలిసిపోయినట్టు కనిపించాడు.

"పండగ అయ్యాక చెబుదామనుకున్నాను."

"వాళ్ళకా, నాకా?"

"అందరికీ. అక్కా, విను. జర్మనీ వాళ్ళు కిందటేడు ధరకే ఇమ్మంటున్నారు. మన డాలరు పెరిగిపోయింది. కూలీ పెరిగింది. నేను ఇక్కడ ఒక్కో గొడుగు అమ్మి డబ్బు పోగొట్టుకుంటున్నాను. మన సందులో వాళ్ళంతా వెళ్ళిపోయారు, నేను చివరివాణ్ణి. నాన్న బతికుండగా ఆగాను. ఆ మాట నీకు తెలుసా? నాన్న కోసం ఆగాను."

"వెళ్ళొద్దని అనడం లేదు."

"మరి?"

"ఇవాళ చెప్పొచ్చు కదా."

"చెబితే?" అతను గొంతు తగ్గించాడు. "రేపటి నుంచి సగం మంది వేరే పనులు చూసుకుంటారు. పండగలోపు పంపాల్సిన సరుకు అలాగే ఉంటుంది. అది పోకపోతే అవతలి ఒడ్డున మొదలుపెట్టడానికి నా చేతిలో ఏమీ ఉండదు. రెండు వారాలు, అంతే. తర్వాత చట్టప్రకారం ఇవ్వాల్సిందంతా ఇస్తాను. ఒక్క పైసా ఎగ్గొట్టను."

"బీహువా అక్క సీట్ల ఫ్యాక్టరీ వాళ్ళకు రేపు పొద్దున జవాబు చెప్పాలి."

అది అతనికి తెలియదు. మొహంలో కనిపించింది.

"ఆవిడొక్కదానికి చెబితే అందరికీ చెప్పినట్టే, అక్కా. ఆవిడ నోట్లో మాట దాగదు."

"చెప్పమనే అంటున్నాను."

"రెండు వారాలు," అన్నాడు మళ్ళీ. చిన్నప్పుడు నాన్నకు చెప్పొద్దని అడిగినట్టే అడిగాడు. "నువ్వు మాట్లాడావు కాబట్టే వాళ్ళు నిశ్చింతగా తింటున్నారు. చూడు. ఇవాళైనా తిననీ."

పెట్టెల సందులోంచి చూశాను. నిజంగానే తింటున్నారు.

నేను తిరిగి వెళ్ళి కూర్చున్నాను. రొయ్యలు వచ్చాయి. అప్పుడు బీహువా అక్క గ్లాసు పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"టీచరమ్మకు!" అంది గట్టిగా, తర్వాత నాకు మాత్రమే వినబడేలా, "మనసు కుదుటపడిందే. మీ తమ్ముడు చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. నువ్వు చెప్పావు. రేపు పొద్దున్నే ఆ సీట్ల వాళ్ళకు రానని చెప్పేస్తాను. సైకిళ్ళ మీద ఎవరో కూర్చునేదాన్ని నేనెందుకు కుట్టాలి? నా కుట్టు నెత్తి మీద ఉండాలి గానీ!"

తన పరాచికానికి తనే నవ్వి గ్లాసు ఖాళీ చేసింది. నేనూ తాగాను. తమ్ముడు రొయ్య తొక్క తీస్తున్నాడు.

* * *

ఆవిడ వెళ్ళాక మైకు వైపు చూశాను. లేచి వెళ్ళి చెప్పొచ్చు. కానీ ఏమని చెప్పను? ఆ సాయంత్రం నా నోటి నుంచి రావాల్సిన మాట వచ్చేసింది. అదే నోటితో దాన్ని కాదంటే, టీచరమ్మ తాగిందంటారు, ఏడుపులో ఏదో అంటోందంటారు. తమ్ముడు లేచి, "అక్కకు బాగాలేదు," అంటాడు. నన్ను మెల్లగా నడిపించి లోపలికి తీసుకెళ్తారు.

నేను పొయ్యిల దగ్గరికి వెళ్ళాను.

"మేస్త్రీ, తలలేం చేశావు?"

కిమ్‌సాయ్ గరిటె తిప్పుతూనే గడ్డంతో చూపించాడు. గోడ దగ్గర అల్యూమినియం బేసిన్‌లో, మూత కింద, తలలన్నీ ఉన్నాయి. "పారెయ్యలేదు. రేపు మావాళ్ళకు సూప్ పెట్టుకుంటాను. ఎందుకమ్మా?"

"ఇవి నాకు కావాలి."

అతను గరిటె ఆపాడు. బేసిన్ వైపు, నా వైపు, గుడారం వైపు చూశాడు. నలభై ఏళ్ళు విందులు వండినవాడికి వివరం అక్కర్లేదు. పొయ్యి మంట తగ్గించి పక్కకు జరిగాడు.

బేసిన్ ఎత్తుకున్నాను. బరువేమీ లేదు. నాన్నలా పళ్ళేన్ని నావైపు తిప్పుకుంటే ఎలా ఉంటుందని దారిలో ఒక్కసారి ఆలోచించాను. మంచిగా కనిపిస్తుంది. నాన్నను తలుచుకుని ఏడుస్తారు. కానీ దాని అర్థం ఎవరూ పోరనే కదా. అది మళ్ళీ అదే అబద్ధం.

ముందు బీహువా అక్క బల్లకే వెళ్ళాను. పళ్ళెంలో కోడి ఎముకలు, రెండు రెక్కలు మిగిలాయి. ఉల్లికాడలు తీసి, మెడ ఉండాల్సిన చోట ఒక తల పెట్టాను. పళ్ళెం మెల్లగా తిప్పాను. ముక్కు ఆవిడవైపు వచ్చాక ఆపాను.

ఆ బల్ల దగ్గర మాట ఆగిపోయింది.

"టీచరమ్మా," అన్నాడు అకోక్, "ఇదేం ఆట? తల లేదన్నారుగా."

బీహువా అక్క కోడి కళ్ళవైపు చూసింది. నావైపు చూసింది. ఆవిడ మొహంలో కోపం లేదు. ఏదో తప్పు చేసి పట్టుబడినట్టు, ఎరుపంతా దిగిపోయింది.

"నేనేం చేశాను?" అంది.

ఆ మాట నేను అనుకోలేదు. అంతమంది ముందు ఆవిడనొక్కదాన్ని నిలబెట్టానని అప్పుడు తెలిసింది. పక్క బల్లకు వెళ్ళాను. అక్కడ తల పెట్టాను. ఆ పక్క బల్లకు వెళ్ళాను. నా చేతులు నూనెతో జారుతున్నాయి, ఒక తల కింద పడింది, తీసి తుడిచి పెట్టాను. నవ్వులు ఒక్కో బల్లా ఆరిపోతూ వచ్చాయి. బేసిన్‌లో ఇంకా చాలా తలలుండగానే చివరి బల్లల వాళ్ళు లేచి నిలబడ్డారు. వాళ్ళ దగ్గరికి నేను వెళ్ళేలోగానే వాళ్ళకు అర్థమైపోయింది.

ఎవరో నా చేతిలోంచి బేసిన్ అందుకున్నారు. బీహువా అక్క. "నీ చేతులు జారుతున్నాయి. నేను పట్టుకుంటాను, నువ్వు పెట్టు," అంది. ఆవిడ గొంతులో ఏమీ లేదు, పని చూపించేటప్పుడు ఉండే గొంతు. నేను పెట్టాను. అన్ని బల్లలకూ పెట్టాం.

మా తెల్లగుడ్డ బల్ల దగ్గరికి వచ్చేసరికి ఒక తల మిగిలింది. అది అక్కడ పెట్టలేదు. ఆ బల్ల దగ్గర ఎవరి పనీ పోవడం లేదు.

"చిన్న తౌకే," అన్నాడు అకోక్. మొదటిసారి పరాచికం లేకుండా మాట్లాడాడు. "అవతలి ఒడ్డుకేనా?"

తమ్ముడు లేచాడు. నన్ను చూడలేదు. మైకు దగ్గరికి వెళ్ళి, దాన్ని రెండుసార్లు తట్టి, మాట్లాడాడు. డాలరు ఎంతైందో చెప్పాడు, కూలీ ఎంతైందో, జర్మనీ వాళ్ళు ఎంత ఇస్తామంటున్నారో చెప్పాడు. లెక్కలే చెప్పాడు. కానీ పండగ తర్వాత గేటు తెరవనని, ఆ ఒక్క మాటా సరిగ్గానే చెప్పాడు. క్షమించమని అడిగాడు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒక ముసలాయన "చెప్పావు, అంతే చాలు," అని కండువా సర్దుకున్నాడు. కిటికీలో నాన్న, కాలర్ గుండీ పెట్టుకుని, ఎటో చూస్తున్నాడు.

తీపి సూప్ ఎవరూ ముట్టుకోలేదు. ఎప్పటిలాగే కిమ్‌సాయ్ ప్లాస్టిక్ సంచులు తెచ్చి బల్లల మీద పెట్టాడు. మిగిలిన వంటకాలు జనం ఇళ్ళకు పట్టుకెళ్ళడం మా అలవాటు. ఒక సంచీ చప్పుడైంది, తర్వాత ఇంకొకటి.

బీహువా అక్క తన బల్ల మీది కోడిరెక్కలు సంచీలో వేసుకుంది. తల కూడా వేసుకుంది.

"అక్కా," అన్నాను. "రేపు పొద్దున సీట్ల వాళ్ళ దగ్గరికి..."

"వెళతాను. వెళ్ళకేం చేస్తాను." సంచీ మూతి మెలిపెడుతూ అడిగింది. "నీకు ముందే తెలుసా? మైకులో చెప్పినప్పుడు?"

"లేదు."

"ప్రమాణం?"

"నాన్న మీద."

ఆవిడ తల ఊపింది. కొంచెం మెత్తబడింది. నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, నూనె చెయ్యి అని ఆగింది. "అనుకున్నాను. నువ్వలాంటిదానివి కాదు. మరెప్పుడు తెలిసింది?"

ఇప్పుడే అంటే నమ్మేది. ఆవిడ నమ్మడానికే అడిగింది.

"మొదటి సూప్ వచ్చినప్పుడు," అన్నాను.

ఆవిడ మా తెల్లగుడ్డ బల్లవైపు చూసింది. నా కుర్చీ ముందు నా పళ్ళెం అలాగే ఉంది. పక్కన చేపముళ్ళు, విప్పిన తామరాకు, రొయ్య తొక్కలు, ఖాళీ గ్లాసు. వాటిని ఒక్కొక్కటే చూసింది, కుట్టు విప్పి చూసినట్టు.

"చేప బాగుందా?" అంది.

"బాగుంది," అన్నాను.

ఆవిడ సంచీకి ముడి వేసింది. గట్టిగా, రెండు ముడులు, విప్పుకోవడానికి ఇంట్లో కత్తెర కావాల్సినంత గట్టిగా. తర్వాత నన్ను మామూలుగా పిలిచినట్టు కాకుండా, మిగతా వాళ్ళంతా పిలిచినట్టే పిలిచింది.

"వస్తానండీ, టీచరమ్మగారూ," అని వెళ్ళిపోయింది.